త్రిపురాంతకం దారిలో చదువుల ఊళ్లు

నల్లమల అడవులకూ వెలుగొండలకూ నడుమ విస్తరించిన పశ్చిమ ప్రకాశం, అంటే గిద్దలూరు, కంభం, మార్కాపురం, కొనకనమిట్ల, దోర్నాల, త్రిపురాంతకం ప్రాంతాలతో కూడిన మెట్టసీమ, చరిత్ర గ్రంథాలలో సాధారణంగా మూడు సందర్భాలలోనే కనిపిస్తుంది: కరువుల గురించి రాసేటప్పుడు, కంభం చెరువు గురించి రాసేటప్పుడు, శ్రీశైలయాత్ర మార్గాలను వర్ణించేటప్పుడు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఒక మూలన ఉండిపోవడం వల్ల కోస్తా చరిత్రకారులు వీటిని రాయలసీమకు వదిలేశారు, రాయలసీమ చరిత్రకారులు కోస్తాకు వదిలేశారు. అయితే ఈ సీమకు ఉన్నత విద్యతో సంబంధం లేదనుకోవడం సరికాదు. క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో బౌద్ధ సంఘారామాల రూపంలోనూ, పన్నెండు పదమూడు శతాబ్దాలలో శైవ మఠాల రూపంలోనూ రెండు పెద్ద విద్యావ్యవస్థలు ఈ దారుల మీదుగానే సాగాయి. వాటిలో రెండోదానికి త్రిపురాంతకం ఒక ముఖ్యమైన మజిలీ.

విశ్వవిద్యాలయ పట్టణం అన్న భావన ఐరోపా చరిత్ర చదివినవారికి సుపరిచితం. హంగేరీ దక్షిణ భాగంలోని పేచ్ పట్టణంలో 1367లో లాయోష్ రాజు, అంటే ఐరోపా చరిత్రలో మహా లూయీగా పేరుపడ్డ రాజు, ఆ దేశపు తొలి విశ్వవిద్యాలయాన్ని స్థాపించాడు. ప్రాగ్‌లో 1348లో, క్రాకోలో 1364లో, వియన్నాలో 1365లో వెలసిన విశ్వవిద్యాలయాల వరుసలో అది నాలుగోది. పోపు అయిదవ అర్బన్ దానికి అనుమతి పత్రం ఇచ్చినా మతశాస్త్ర బోధనను మాత్రం మినహాయించాడు. స్థానిక బిషప్ ఖర్చు భరించాడు. న్యాయశాస్త్రం చెప్పడానికి ఇటలీలోని బొలోనియా నుంచి పండితుడు వచ్చాడు. అనుమతి ఇచ్చే అధికారం, ఖర్చు భరించే ఆదాయం, దూరదేశం నుంచి వచ్చే గురువు అనే ఈ మూడూ కూడిన చోటే మధ్యయుగంలో పెద్ద చదువు నిలిచింది. తెలుగునేల మీద ఇవి కూడిన ఊళ్లను వెతికితే, పేచ్ కంటే నూరేళ్లు ముందున్న స్పష్టమైన రాతి సాక్ష్యమే దొరుకుతుంది. ఆ సాక్ష్యాన్ని చూసేముందు దారులను గురించి కొంత చెప్పుకోవాలి.

తీరప్రాంతం నుంచి కృష్ణకు దక్షిణంగా పడమటికి వెళ్లే బాటసారికి వినుకొండ దాటాక నల్లమల అడ్డుగా నిలుస్తుంది. ఆ కొండల్లోకి ప్రవేశించడానికి అనువైన సందు త్రిపురాంతకం, దోర్నాల మీదుగా ఉంది. నేటి గుంటూరు–కర్నూలు రహదారి కూడా ఆ సందునే పట్టుకుని పోతుంది. దక్షిణం నుంచి వచ్చే దారి పొదిలి, కొనకనమిట్ల ప్రాంతాల మీదుగా మార్కాపురం చేరి దీనితో కలుస్తుంది. యాత్రికుడికీ వర్తకుడికీ సైనికుడికీ భిక్షువుకూ వేరువేరు దారులు లేని కాలంలో ఇటువంటి కూడలిలో సత్రం వెలిసింది, సత్రం పక్కన గుడి వెలిసింది, గుడి పక్కన బడి వెలిసింది. ఈ క్రమాన్ని తిరగేసి చెప్పేవారూ ఉన్నారు గానీ, నీళ్లు తక్కువగా ఉన్న మెట్టలో అన్నం దొరికే చోటికే చదువు వచ్చిందనడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

ఈ దారుల తొలి సాక్ష్యం దొనకొండ మండలంలోని చందవరం. గుండ్లకమ్మ ఒడ్డున, సింగరకొండగా పిలిచే గుట్ట మీద ఉన్న బౌద్ధ క్షేత్రాన్ని పురావస్తు శాస్త్రవేత్త వేలూరి వెంకట కృష్ణశాస్త్రి 1964లో గుర్తించగా, 1972–77 మధ్య తవ్వకాలు జరిగాయి. మహాస్తూపం, దాని చుట్టూ మొక్కుగా కట్టించిన చిన్న స్తూపాలు, భిక్షువులు నివసించిన విహారం, సున్నపురాతి మీద చెక్కిన ఫలకాలు బయటపడ్డాయి. స్తూపమంటే ధాతువును, అంటే బుద్ధుని లేదా పూజ్యుడైన ఆచార్యుని అస్థికను, లోపల నిక్షేపించి కట్టిన గుమ్మటం. విహారమంటే వానాకాలంలో మూడు నెలలు భిక్షువులు ఒకచోట ఆగి, చదివి, చదివించే నివాసం. కాశీ నుంచి కంచికి పోయే భిక్షువులకు ఇది మజిలీ అని పరిశోధకుల అభిప్రాయం. రాజధాని కాని, రేవు కాని ఈ చోట ఇంత పెద్ద కట్టడం నిలవడానికి బాట తప్ప వేరే కారణం కనిపించదు.

చందవరం మజిలీ అయితే, గమ్యం కృష్ణ ఒడ్డున ఉన్న విజయపురి, నేటి నాగార్జునకొండ. మూడో శతాబ్దం తొలిపాదం నుంచి సుమారు నూరేళ్లు ఇక్ష్వాకు రాజులకు రాజధానిగా ఉన్న ఈ లోయను 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు చెప్పిన ఆచూకీతో మద్రాసు శాసనశాఖలో తెలుగు సహాయకుడైన రంగస్వామి సరస్వతి గుర్తించారు. పెద్ద చదువుల ఊరిని వెలికి తీసినవాడు చిన్న బడి పంతులు కావడం చరిత్రలో అరుదుగా జరిగే న్యాయం. ఆ తర్వాత లాంగ్‌హర్‌స్ట్ 1927–31 మధ్యనూ, నాగార్జునసాగర్ ఆనకట్ట కింద లోయ మునగబోతుందని తేలాక ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954–60 మధ్యనూ తవ్వకాలు సాగాయి.

విజయపురి శాసనాల్లో విద్య ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. మొదటిది మహాచైత్యపు స్తంభాల మీదిది: వీరపురుషదత్తుని ఆరో పాలనా సంవత్సరంలో రాజుకు మేనత్త, అత్తగారు కూడా అయిన చాంతిసిరి కట్టించిన ఆ చైత్యపు పనిని పర్యవేక్షించినవాడు ఆనందుడనే భిక్షువు. అతడు దీఘనికాయ, మజ్ఝిమనికాయ అనే బుద్ధవచన సంపుటాలను కంఠస్థం చేసినవాడనీ, వాటిని వల్లింపజేసే ఆచార్యుల శిష్యుడనీ శాసనం చెబుతుంది. అంటే కట్టడం పని చూసినవాడి అర్హతగా అతని చదువునే చెక్కించారు. రెండోది వీరపురుషదత్తుని పద్నాలుగో ఏట బోధిసిరి అనే ఉపాసిక, అంటే గృహస్థురాలైన బౌద్ధభక్తురాలు, వేయించినది. తామ్రపర్ణి, అంటే సింహళం, నుంచి వచ్చిన థేరులకు ఆమె చైత్యగృహం కట్టిస్తూ, వారు కశ్మీర, గాంధార, చీన, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రమిళ మొదలైన దేశాలకు ధర్మం నేర్పినవారని పేర్కొంది. గురువులు ఏయే దేశాల్లో బోధించి వచ్చారో ఇంత వివరంగా చెప్పిన శాసనం తెలుగుదేశంలో మరొకటి లేదు. రాజులు అశ్వమేధం చేస్తూ ఉండగా రాణులూ వర్తక కుటుంబాల స్త్రీలూ విహారాలకు డబ్బు పెట్టారన్నది కూడా మరచిపోరాదు. విజయపురి చదువును పోషించినది ప్రధానంగా స్త్రీధనం.

ఇక్ష్వాకుల తర్వాత ఆ పోషణ ఆగిపోయింది; విహారాలు ఒకటొకటిగా పాడుబడ్డాయి. ఆ పైన ఏడెనిమిది శతాబ్దాలు ఈ ప్రాంతపు విద్యాచరిత్ర అగ్రహారాల చరిత్ర మాత్రమే. అగ్రహారమంటే చదువుకున్న బ్రాహ్మణులకు రాజు పన్ను లేకుండా ఇచ్చిన ఊరు. అక్కడ చదువు ఇంటింటా తండ్రి నుంచి కొడుక్కు నడిచేది తప్ప సంస్థగా నడిచేది కాదు. సంస్థ మళ్లీ కనిపించేది శైవ మఠాలతోనే.

ఆ మఠాలలో పెద్దది గోళకీ మఠం. దీని మూలం ఉత్తరాన గంగకూ నర్మదకూ నడుమ డాహల మండలమనే కలచురి రాజ్యంలో ఉంది. జబల్‌పూర్ దగ్గరి త్రిపురి ఆ రాజ్యపు రాజధాని. పదో శతాబ్దంలో యువరాజదేవుడనే కలచురి రాజు సద్భావశంభువు అనే ఆచార్యునికి మూడు లక్షల గ్రామాలు భిక్షగా ఇచ్చాడనీ, ఆ ఆచార్యుడు వాటితో గోళకీ మఠం స్థాపించాడనీ తర్వాతి శాసనం చెబుతుంది. మూడు లక్షలన్నది ప్రశస్తిలో వచ్చిన సంఖ్య కాబట్టి దాన్ని లెక్కగా కాక గొప్పగా చదువుకోవాలి. ఈ మఠం వారిది ఆగమ శైవం, అంటే శివాలయ నిర్మాణానికీ అర్చనకూ దీక్షకూ ఆగమాలనే గ్రంథాలను ప్రమాణంగా తీసుకునే సంప్రదాయం. ఆచార్యుల పేర్ల చివర శంభు, శివ అని ఉండటం దీక్షానామాల గుర్తు. ఒక్కొక్క శిష్యుడు ఒక్కొక్క దిక్కుకు పోయి శాఖ పెట్టడం వీరి పద్ధతి కావడంతో పన్నెండు, పదమూడు శతాబ్దాలకు శ్రీశైలం, కడప దగ్గరి పుష్పగిరి, త్రిపురాంతకం ఈ పరంపరకు తెలుగుదేశంలో స్థావరాలయ్యాయి.

కాకతీయ గణపతిదేవుని కాలంలో ఈ పరంపరకు పెద్ద విశ్వేశ్వరశంభువు. ఆయన గౌడదేశంలో, అంటే నేటి బెంగాలులో, దక్షిణ రాఢ ప్రాంతంలోని పూర్వగ్రామం నుంచి వచ్చినవాడు. చోళ, మాళవ, కలచురి రాజులు తనకు శిష్యులని చెప్పుకోదగిన పలుకుబడి ఉన్నవాడు. గణపతిదేవుడు ఆయన దగ్గర శివదీక్ష తీసుకుని తనను ఆయన కుమారునిగా భావించుకున్నాడు. దీక్షలో శిష్యుడు గురువుకు కొడుకవుతాడన్నది ఆగమ శైవుల మాట. రాజు కొడుకైనప్పుడు రాజ్యంలో గురువుకు భూమి కొదవ ఉండదు. ఓరుగల్లు కోటలో ఉన్న రాజ్యాధికారానికి శ్రీశైల ప్రాంతపు మఠాధికారం ఇలా బంధువైంది.

ఈ బంధుత్వపు ఫలమే పేచ్‌తో పోల్చదగిన సాక్ష్యమని పైన చెప్పినది: కృష్ణ దక్షిణపు ఒడ్డున, తుళ్లూరు మండలంలో, మందడానికి ఆనుకుని ఉన్న మల్కాపురంలోని రాతి స్తంభ శాసనం. శకవర్షం 1183, అంటే క్రీ.శ. 1261లో, రుద్రమదేవి పాలనలో వేయించిన ఈ శాసనం చాలా భాగం సంస్కృతంలో ఉంది. జయంతి రామయ్య పంతులు దీన్ని ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలో ప్రకటించారు. గణపతిదేవుడు మందరమనే ఊరిని, అంటే నేటి మందడాన్ని, విశ్వేశ్వరశంభువుకు ఇస్తానని మాట ఇవ్వగా, అతని కూతురు రుద్రమదేవి ఆ మాట నిలబెడుతూ మందడాన్నీ, దానితో పాటు వెలగపూడినీ, కృష్ణలోని లంక భూములనూ ధారపోసింది. ఆ భూమి మీద విశ్వేశ్వరుడు శివాలయం, శైవ మఠం, అన్నసత్రం కట్టించి, ద్రవిడ దేశం నుంచి అరవై బ్రాహ్మణ కుటుంబాలను పిలిపించి నిలిపి, ఊరికి విశ్వేశ్వర గోళకి అని పేరు పెట్టాడు.

శాసనంలోని లెక్కలు చదివితే ఒక విద్యాసంస్థ వార్షిక వ్యయపట్టిక ముందున్నట్టే ఉంటుంది. అరవై కుటుంబాలకు భూమి పుట్ల లెక్కన పంచారు. పుట్టి అంటే ఇరవై తూముల ధాన్యం కొలత, పుట్టి విత్తనం పట్టే నేలను పుట్టెడు భూమి అనేవారు. మిగిలిన భూమి ఆదాయాన్ని మూడు పాళ్లు చేశారు: ఒక పాలు శివునికి, ఒక పాలు మఠానికీ విద్యార్థులకూ, మూడో పాలు ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ సత్రానికీ. ప్రసూతిశాల అంటే కాన్పుల ఇల్లు. దేవునికిచ్చిన భాగానికి సమంగా చదువుకూ, దానికి సమంగా వైద్యానికీ అన్నానికీ కేటాయించడం గమనించదగినది. దేవాలయ శాసనాలలో సింహభాగం దేవుని దీపధూపాలకే పోవడం మామూలు కాబట్టి, ఈ మూడు సమభాగాల పద్ధతి విశ్వేశ్వరుని స్వభావాన్ని పట్టి ఇస్తుంది.

గురువుల సంఖ్య కూడా శాసనంలో ఉంది. ఋక్కు, యజుస్సు, సామం చెప్పడానికి ముగ్గురు. పదం, వాక్యం, ప్రమాణం, సాహిత్యం, ఆగమం చెప్పడానికి అయిదుగురు. పదమంటే వ్యాకరణం, వాక్యమంటే వేదవాక్యాలకు అర్థనిర్ణయం చేసే మీమాంస, ప్రమాణమంటే తర్కం. వేదం వల్లింపుతో ఆగకుండా వాదించడం, రాయడం, గుడి నడపడం నేర్పే పాఠ్యక్రమం ఇది. వీరితో పాటు ఒక వైద్యుడు, ఒక కాయస్థుడు, అంటే లెక్కలు రాసే కరణం, ఉన్నారు. సంగీతానికీ నాట్యానికీ పెద్ద బృందమే ఉంది: నర్తకులు పదిమంది, మద్దెల వాయించేవారు ఎనిమిదిమంది, పాడే స్త్రీలు పద్నాలుగుమంది, వీరిలో అందరికంటే దూరం నుంచి వచ్చినవాడుగా ఒక కాశ్మీరదేశపు గాయకుడు. సత్రానికి వంటవారు, మఠానికి పరిచారకులు, ఊరికి కాపలాగా వీరభద్రులనే పదిమంది, చేతిపనులకు కంసాలి, కంచరి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, శిల్పి, మంగలి మొదలైనవారితో కూడిన వీరముష్టులు ఇరవైమంది ఏర్పాటయ్యారు. ఇంతమందికీ జీతం మాన్యమే, అంటే పన్ను లేని భూమి. గురువు తప్పిపోతే బడి ఆగుతుంది, కమ్మరి తప్పిపోయినా ఆగుతుందన్న వ్యవహారజ్ఞానం ఆ పట్టిక రాసినవారిలో ఉంది.

శాసనంలోని మరో రెండు నియమాలు ఇంతకంటే విలువైనవి. అన్నసత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చిన ఎవరికైనా ఎల్లవేళలా అన్నం పెట్టాలన్నది ఒకటి. చదువు కొందరికే పరిమితమైన కాలంలో అన్నానికి ఆ హద్దు పెట్టకపోవడాన్ని సమానత్వంగా పొగడటం అతిశయోక్తి అవుతుంది గానీ, తక్కువ చేసి చెప్పడం కూడా తగదు. రెండోది మఠాధిపతిని గురించినది: ఆచార్యుడు గోళకీ పరంపరలోని విద్వాంసుడై ఉండాలి, అతడు నడత తప్పితే సంప్రదాయంలోని శైవులు కూడి అతణ్ణి తొలగించి యోగ్యుణ్ణి నియమించవచ్చు. స్థాపకుడు తన తర్వాత వచ్చేవారిని నమ్మకుండా రాయి మీద రాయించిన షరతు ఇది.

విశ్వేశ్వరుడు మందడంతో ఆగలేదు. కాళేశ్వరం, మంత్రకూటం, ఉత్తర సోమశిల, ఏలేశ్వరం మొదలైన చోట్ల ఆయన మఠాలూ లింగాలూ ప్రతిష్ఠించి భూములు కేటాయించినట్టు అదే శాసనం చెబుతుంది. వీటిలో ఏలేశ్వరం కృష్ణకు ఉత్తరపు ఒడ్డున, సరిగ్గా విజయపురికి ఎదురుగా ఉన్న ఊరు. అక్కడ ఆయన పదహారు కోణాల మఠం కట్టించాడు. వెయ్యేళ్ల ఎడంతో ఏటికి అటూ ఇటూ వెలసిన బౌద్ధ, శైవ విద్యాస్థానాలు రెండూ 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగర్ జలాశయం కింద ఒకేసారి మునిగాయి. విజయపురిలో మేలైన కట్టడాలను కొన్నింటిని కొండ మీదికీ, అనుపు దగ్గరికీ తరలించి తిరిగి నిలబెట్టారు. అనుపులో మెట్లతో కూడిన ప్రేక్షకశాల, విహారపు పునాదులు ఇప్పటికీ చూడవచ్చు.

ఈ సందర్భంలో త్రిపురాంతకం స్థానం స్పష్టమవుతుంది. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలున్నాయనీ, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం కాగా తూర్పున త్రిపురాంతకమనీ సంప్రదాయం. కుమారగిరి అనే గుట్ట మీద త్రిపురాంతకేశ్వరుని ఆలయం, కింద చెరువు నడుమ బాలాత్రిపురసుందరి ఆలయం ఉన్నాయి. ముప్పురాలను ఒకే బాణంతో కాల్చిన శివుడే త్రిపురాంతకుడు. గుట్ట మీది ఆలయాన్ని శ్రీచక్రం ఆకృతిలో కట్టారని స్థానికులు చెబుతారు. శైవునికి, శాక్తునికి, శ్రీశైలం పోయే సామాన్య యాత్రికునికి ఒకేచోట పని ఉండటంతో ఈ ఊరు మఠానికి సరిగ్గా సరిపోయింది. మల్కాపురం శాసనం పట్టిక రూపంలో చెప్పిన సంస్థ త్రిపురాంతకంలో గుడి గోడల మీదా స్తంభాల మీదా చిల్లరగా, దానం తర్వాత దానంగా కనిపిస్తుంది.

త్రిపురాంతకం శాసనాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. దక్షిణ భారత శాసనాల పదో సంపుటిలో వీటిలో చాలా భాగం అచ్చయ్యాయి. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్యుల దండనాయకులు, తర్వాత వెలనాటి చోడులు, ఆపైన కాకతీయులూ వారి సామంతులూ దాతలు. దానాల్లో ఎక్కువ భాగం అఖండదీపాలవి. అఖండదీపమంటే రాత్రింబవళ్లు ఆరకుండా వెలిగే దీపం. దానికి దాత డబ్బు ఇవ్వడు, పశువులను ఇస్తాడు. ఆనాటి ఆంధ్రదేశపు వాడుక ప్రకారం ఒక దీపానికి సాధారణంగా ఇరవై అయిదు ఆవులనో యాభై గొర్రెలనో పశులకాపరికి అప్పగిస్తే, అతడు మంద పెంచుకుంటూ రోజుకు మానెడు నెయ్యి గుడికి కొలవాలి; మంద అతని వంశానికి, నెయ్యి దేవుని వంశానికి. నీరు చాలని మెట్టలో వరిమడి కంటే మంద నమ్మకమైన పెట్టుబడి కావడం వల్ల కృష్ణ ఒడ్డున మాన్యం చేసిన పనిని ఇక్కడ గొర్రె చేసింది. పశ్చిమ ప్రకాశం ఆలయ చరిత్ర రాయాలనుకునేవారు గొల్లలూ బోయలూ రాజులతో సమంగా కనిపించేలా రాయకపోతే అది అసంపూర్ణం.

గుడి గోడ కేవలం దానపత్రమే కాదు, రాజకీయ ప్రకటన పత్రం కూడా. కాకతీయుల కింద ఈ ప్రాంతాన్ని పాలించిన కాయస్థ నాయకులు, గంగయసాహిణితో మొదలై, త్రిపురాంతకాన్ని తమ కొలువుకూటంగానే చూశారు. ఆ వంశంలోని అంబదేవుడు రుద్రమదేవి మీద తిరగబడి స్వతంత్రుడై, 1290లో తన విజయాలన్నిటినీ త్రిపురాంతకంలోనే శాసనంగా వేయించాడు. మరుసటి ఏడు, 1291లో, అతణ్ణి వెనక్కు తరిమిన కాకతీయ పక్షపు ఇందులూరి వారి శాసనమూ ఇక్కడే వెలిసింది. శత్రువు గర్వం చెక్కిన చోటనే అతని ఓటమిని చెక్కించాలంటే ఆ చోటికి నలుదిక్కుల జనం వస్తుండాలి, వచ్చినవారిలో చదవగలవారు ఉండాలి. త్రిపురాంతకం చదువుల ఊరనడానికి ఈ జంట శాసనాలు పరోక్ష సాక్ష్యం. మఠం పేరు చెప్పే దానపత్రాల కంటే ఇవే బలమైనవని కూడా వాదించవచ్చు.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన తర్వాత గోళకీ మఠానికి ఆధారమైన రాచరికం కూలిపోయింది. మఠాన్ని ఎవరూ పనిగట్టుకుని పడగొట్టవలసిన అవసరం లేదు. మాన్యం మీద కొత్త దొర చేయి పడితే గురువు వెళ్లిపోతాడు, గురువు వెళ్లిపోతే విద్యార్థి వెళ్లిపోతాడు. అద్దంకి రాజధానిగా లేచిన ప్రోలయ వేమారెడ్డి అగ్రహారాలను తిరిగి ఇచ్చాడు, శ్రీశైలానికి మెట్లు కట్టించాడు, ఎఱ్ఱనను ఆస్థానకవిగా నిలిపాడు. అయినా అది అగ్రహారాల చదువు, ఆస్థానాల చదువు. వైద్యుడు, కరణం, కమ్మరి, కాశ్మీర గాయకుడు ఒకే పద్దులో ఉన్న సంస్థ మళ్లీ రాలేదు. శంకర సంప్రదాయపు అద్వైత పీఠంగా పుష్పగిరి నేడు ప్రసిద్ధం. అక్కడ ఒకనాడు ఆగమ శైవుల గోళకీ శాఖ ఉండేదని శాసనాలు చదివినవారికే తెలుసు.

పేచ్ కథ కూడా ఇంచుమించు ఇదే. డబ్బు పెట్టిన బిషప్ 1374లో మరణించాక అక్కడి విశ్వవిద్యాలయం సన్నగిల్లి, పదిహేనో శతాబ్దపు తొలినాళ్లకు కనుమరుగైంది. 1543 నుంచి 1686 దాకా తురుష్కుల పాలనలో ఉన్న ఆ పట్టణపు నడిబొడ్డున పాషా ఖాసిం కట్టించిన మసీదు నేడు గుమ్మటం మీద నెలవంకతో పాటు శిలువనూ ధరించి చర్చిగా నిలిచి ఉంది. నేల అడుగున సోపియానే అనే రోమన్ పట్టణపు నాలుగో శతాబ్దపు క్రైస్తవ సమాధిగృహాలు, గోడలపై చిత్రాలతో, 2000లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. అవి విజయపురి చివరి రోజుల నాటివి. కోల్పోయిన విశ్వవిద్యాలయాన్ని పేచ్ 1923లో తిరిగి తెచ్చుకుంది: మొదటి ప్రపంచయుద్ధం తర్వాత సరిహద్దులు మారి పొజోన్యి నగరం చెకోస్లొవాకియాలో చేరగా, అక్కడి హంగేరీ విశ్వవిద్యాలయాన్ని ఈ ఊరికి మార్చారు. మధ్యయుగపు పునాదులను కెథెడ్రల్ వెనుక తవ్వి, సందర్శకులకు చూపుతున్నారు.

తెలుగువారికి ఆధునిక విశ్వవిద్యాలయం 1926లో కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షుడుగా బెజవాడలో మొదలై తర్వాత వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుతో వచ్చింది. విజయపురి లోయ గుర్తింపు కూడా అదే ఏడాది జరగడం కాకతాళీయం. 1976లో గుంటూరు దగ్గర వెలసిన విశ్వవిద్యాలయం నాగార్జునుని పేరు పెట్టుకుంది గానీ, విశ్వేశ్వరశంభువు పేరు ఏ విద్యాసంస్థకూ దక్కలేదు. మార్కాపురం ఈ కాలంలో చదువుకు మరో విధంగా సేవ చేసింది: చుట్టుపక్కల గనుల్లో దొరికే నల్లరాతిని పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చెక్కచట్రం బిగించి తయారుచేసిన పలకలు దేశమంతటి బడులకూ వెళ్లాయి. ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చి ఆ గిరాకీ పడిపోయాక అదే రాయి ఇళ్ల గోడలకూ నేలకూ పరిచే బండగా మారింది.

ఈ చరిత్రను కళ్లతో చూడదలచినవారికి మార్కాపురం మంచి బస. చెన్నకేశవాలయం ఊళ్లోనే ఉంది. తూర్పున దొనకొండ మీదుగా చందవరం, ఉత్తరాన త్రిపురాంతకం, పడమట కంభం వైపు పోతే శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ గుండ్లకమ్మకు అడ్డంగా కట్టించిన చెరువు ఒక్కో రోజు పనిగా పెట్టుకోవచ్చు. త్రిపురాంతకంలో యాత్రికులు చాలామంది చెరువులోని అమ్మవారిని చూసి వెళ్లిపోతారు. గుట్ట ఎక్కి, సున్నం పూతల కింద మిగిలిన అక్షరాల కోసం స్తంభాలను తీరికగా పరికిస్తే అంబదేవుని కాలం తెలుగు లిపి గుర్తుపట్టగలిగినంత స్పష్టంగానే ఉంటుంది. మహాశివరాత్రి ముందు రోజుల్లో రద్దీ వల్ల అది కుదరదు. వానలు వెనుకబట్టిన మార్గశిరం, పుష్యం అనుకూలమైన నెలలు.

మల్కాపురం స్తంభం చూడాలంటే మాత్రం కృష్ణ ఒడ్డుకు పోవాలి. రుద్రమదేవి ధారపోసిన ఊళ్లలో ఒకటైన వెలగపూడిలో 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ సచివాలయం నడుస్తోంది. సమీపంలోని నీరుకొండ, ఐనవోలు గ్రామాల్లో 2017లో రెండు ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తెరుచుకున్నాయి. 1261లో గురువుకూ వైద్యునికీ కమ్మరికీ పుట్ల లెక్కన పంచిన నేలను ఇప్పుడు రాజధాని ప్లాట్లుగా చదరపు గజాల లెక్కన పంచుతున్నారు, ఆ పంపకాల పాత పట్టిక మల్కాపురంలో రాతి మీద ఉంది.